నత్త చేతి అతుకు

ఆ శిక్షణ కేంద్రంలో వెల్డింగ్ నేర్పే పెద్దాయన్ని ఎదుట మాస్టారు అనేవాళ్ళు, వెనక్కి తిరగ్గానే సుత్తి అనేవాళ్ళు. ఆ పేరుకు రెండు కారణాలు. అతుకు మీద పేరుకున్న చిట్టెం రాలగొట్టే చిన్న సుత్తి ఆయన చేతిలో ఎప్పుడూ ఉండేది; అన్నం తినేటప్పుడు కూడా డబ్బా పక్కన పెట్టుకునేవారు. ఇక రెండోది, ఆయన మాట మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు, ఆయన తరమైనా కాదు. తన వెనకాల ఏమంటారో ఆయనకు బాగా తెలుసు. "సుత్తి లేనిదే చిట్టెం రాలదురా. చిట్టెం రాలనిదే కింద ఏముందో తెలీదు," అని తనే నవ్వేవారు.

ఇరవై రెండేళ్ళు కర్మాగారాల్లో బాయిలర్లు అతికి, ఎడమ కంటి చూపు మసకబారాక ఆయన నేర్పే పనిలోకి వచ్చారు. వర్క్‌షాపులో ఆరు చిన్న గదులు, గదికో మిషను, గదికో తెర. పడమటి గోడ నిండా మేకులు. పరీక్షలో ప్రతి విద్యార్థీ రెండు జతల ఇనుప పలకలు అతకాలి. ఒక జతను మిషనులో పెట్టి వంచి, పగులుతుందేమో చూస్తారు. రెండో జతను కంటితో చూసి వదిలేస్తారు. ఆ రెండోవాటిని పాతసామానులో పారెయ్యడానికి ఆయనకు మనసొప్పేది కాదు. ఒక్కోదానికీ చిల్లు పెట్టి, నంబరు కొట్టి, గోడకు తగిలించేవారు. ఎవరి అతుకు వాళ్ళ చేతిరాత అని ఆయన నమ్మకం. ఏ పలక ఎవరిదో నంబరు చూడకుండా చెప్పగలిగేవారు.

కేంద్రంలో పిల్లల్ని ఉద్యోగాలకు తయారుచేసే క్లాసు ఒకటుండేది. రెజ్యూమె ఎలా రాయాలో, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో చెప్పడానికి ఒక మేడం ఉండేది. ఉద్యోగం వెతుక్కోవడం నేర్పుతూ నేర్పుతూ ఆవిడ తనకే మంచిది వెతుక్కుని వెళ్ళిపోయింది. ప్రిన్సిపాల్ ఆ క్లాసు కాస్తా తెచ్చి మాస్టారి నెత్తిన పెట్టారు.

"నేను జన్మలో బయోడేటా రాసినవాణ్ణి కాదు సార్. మా మేస్త్రీ నా చెయ్యి చూసి పనిలో పెట్టుకున్నాడు."

"ఇప్పుడు చెయ్యి ఎవరు చూస్తున్నారు మాస్టారూ? ముందు కాగితం చూస్తారు. కాగితం బాగుంటే అప్పుడు చెయ్యి."

మాస్టారి భార్య పెళ్ళికి ముందు టైపిస్టు. ఎంతోమంది అర్జీలు టైపు కొట్టిన మనిషి. ఆమెను అడిగితే అరటిపండు ఒలిచినట్టు చెప్పింది: "ఏమండీ, వచ్చింది రాయమనండి. రానిది రాయొద్దనండి. అంతకు మించి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు."

మొదటి వారం ముప్పై రెండు కాగితాలు వచ్చాయి. ముప్పై రెండింట్లోనూ కష్టపడే స్వభావం, నలుగురితో కలిసి పనిచేసే గుణం, నిజాయితీ. "ముప్పై రెండు మందీ ఒకే తల్లి కడుపున పుట్టార్రా?" అని మాస్టారు ఆ కట్టంతా తిప్పి ఇచ్చేశారు. తన పద్ధతి తను పెట్టుకున్నారు. ఎవరి పలక ఫొటో వాళ్ళు కాగితం మీద అంటించాలి. కింద నాలుగు ముక్కలు రాయాలి: పడుకోబెట్టిన పలక అతకగలను, నిలబెట్టింది అతకగలను, తలకు పైన అతకడం ఇంకా కుదరడం లేదు, నేర్చుకుంటున్నాను. ప్రిన్సిపాల్ ముఖం చిట్లించారు గానీ, ఉద్యోగాలిచ్చేవాళ్ళకు ఆ కాగితాలు నచ్చాయి.

ఆ ముప్పై రెండు మందిలో ఒకడు నత్త.

తోటివాళ్ళు పెట్టిన పేరది. మిగతావాళ్ళు మూడు వెల్డింగ్ రాడ్లు కాల్చేలోపు వాడు ఒకటి కాల్చేవాడు. కానీ వాడి అతుకు చూస్తే చేప వీపు మీద పొలుసులు పరిచినట్టుండేది, ఒకదాని మీద ఒకటి, వెంట్రుక తేడా లేకుండా. రాడ్డు అయిపోయే చోట మాత్రం వాడిదొక వింత అలవాటు. చెయ్యి ఎత్తేసే ముందు అర పొలుసు మేర వెనక్కి వచ్చి, ఎడమకు చిన్న మెలిక తిప్పి ఆపేవాడు. చూడ్డానికి తలకట్టులా ఉండేది.

"ఇదెవరు నేర్పార్రా నీకు?"

"ఎవరూ నేర్పలేదు మాస్టారూ. వదిలేసేటప్పుడు ఒకసారి వెనక్కి చూసి వదిలెయ్యాలనిపిస్తుంది."

వాడి రెజ్యూమెలో అనుభవం అన్నచోట ఒక్క మాటే ఉంది: ఇప్పుడే మొదలు.

పరీక్ష బాగా చేశాడు. మూడో రోజు జ్వరం తగిలింది. ఎనిమిదో రోజున పోయాడు. మాస్టారు వాళ్ళింటికి వెళ్ళారు. బల్ల మీద పడుకోబెట్టి తెల్ల గుడ్డ కప్పారు. కుడిచెయ్యి ఒక్కటి గుడ్డ బయట ఉంది, మణికట్టు మీద నిప్పురవ్వలు పడి కాలిన చుక్కలతో. తల దగ్గర వాడి అక్క కూర్చుని ఉంది. వాళ్ళమ్మ పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే, ఇస్త్రీ దుకాణంలో పనిచేస్తూ. మాస్టారికి ఎప్పుడూ ఆగని నోరు ఆ రోజు పెగల్లేదు. ఆ చేతికేసి చూసి వచ్చేశారు.

ఏడాది గడిచింది. ఒక మధ్యాహ్నం ఆఫీసు ఫోను మోగింది. గుమాస్తా భోజనానికి వెళ్ళడంతో మాస్టారే ఎత్తారు. పెద్ద పెద్ద ఇనుప ట్యాంకులు కట్టే కంపెనీ నుంచి, ఉద్యోగుల కాగితాలు సరిచూసే అమ్మాయి.

"మీ కేంద్రం ఇచ్చిన సర్టిఫికెట్టండీ. నంబరు చెప్తాను, మీ రిజిస్టరులో ఉందో లేదో చెప్తే చాలు."

నంబరు చెప్పింది. మాస్టారు రిజిస్టరు తెరిచి వేలితో వెతికారు. వేలు ఆగిన గడిలో నత్త అసలు పేరుంది.

"ఉందాండీ?"

"నంబరు... ఉందమ్మా."

"థాంక్సండీ. మా సైటు ఇంజనీరు గారు ఈ మనిషి పనిని ఒకటే పొగడ్డం. ఇలాంటి చెయ్యి ఇంకోటి ఉంటే పంపమంటున్నారు. ఫొటో కూడా తీశారు. మీకు పంపుతాను, చూడండి, మీ శిష్యుడే కదా!"

తన సెల్లు నంబరు చెప్పి ఫోను ఎప్పుడు పెట్టేశారో మాస్టారికి గుర్తులేదు. జేబులో సెల్లు కదిలింది. ఫొటో తెరుచుకుంది. బూడిదరంగు ఇనుము మీద చేప పొలుసులు. ఫొటోను వేళ్ళతో పెద్దది చేస్తూ చివరికి జరిపారు. అర పొలుసు వెనక్కి, ఎడమకు మెలిక.

నేరుగా వర్క్‌షాపులోకి నడిచి పడమటి గోడ మీద వాడి పలక దించారు. అరచేతిలో వెచ్చగా తగిలింది. ఆ గోడకు మధ్యాహ్నం ఎండ పడుతుంది. అన్ని పలకలూ వెచ్చగానే ఉంటాయి. ఆ సంగతి తెలిసీ ఆయన పక్క పలకను ముట్టి చూడలేదు. ఫొటోనూ పలకనూ పక్కపక్కన పెట్టి చిట్టెం సుత్తి మొనతో పొలుసులు లెక్కపెట్టారు. పక్క గదిలో పిల్లలు ఏదో అరుచుకుంటున్నారు.

గుమాస్తా తిరిగొచ్చాక మాస్టారు సర్టిఫికెట్లు పంచిన పుస్తకం తీయించారు. నత్త పేరుకెదురుగా నత్త సంతకం ఉంది. తేదీ చూస్తే, వాడు పోయిన రెండు నెలలకు.

"ఇది ఎవరు తీసుకెళ్ళారు?"

గుమాస్తా అప్పట్లో కొత్తగా చేరినవాడు. "అతనే కదండీ. తలకి గుడ్డ చుట్టుకుని, ముక్కూ నోరూ కప్పుకుని వచ్చారు. బయట దుమ్ము కదా, నేను పట్టించుకోలేదు. ఫొటోతో పోల్చాను, కళ్ళు అవే. సంతకం పెట్టమన్నాను. దరఖాస్తులో ఉన్నదాంతో అచ్చు గుద్దినట్టుంది. ఇచ్చేశాను. ఏమైనా తప్పు జరిగిందాండీ?"

"మాట్లాడాడా?"

"లేదండీ. ఒక్క ముక్క మాట్లాడలేదు."

ఆ సాయంత్రం మాస్టారు ఇంటికెళ్ళి భార్యతో అంతా చెప్పారు. ఆమె బట్టలు మడతపెడుతూ విన్నది.

"పోయినవాళ్ళు సర్టిఫికెట్లు పట్టుకుని ఉద్యోగాలకు తిరుగుతారా? ఎవరో వాడి కాగితం వాడుకుంటున్నారు, అంతే."

"కాగితం వాడుకోవచ్చు. చెయ్యి ఎలా వాడుకుంటారు?"

ఆమె మడత ఆపి అడిగింది, "సరే, ఆ అమ్మాయి ఫోను చేసినప్పుడు మనిషి లేడని మీరెందుకు చెప్పలేదు?"

"నోరు రాలేదు."

"మీకా!"

మాస్టారు నవ్వలేదు. "చెప్తే ఆగిపోతుందేమో అనిపించింది," అన్నారు.

ఆ నెలలో మరో రెండు ఫొటోలు వచ్చాయి. ఆ అమ్మాయి సంబరంగానే పంపింది. ఒకటి తలకు పైన వేసిన అతుకు. నత్త బతికున్నప్పుడు తలకు పైన అతకడం ఇంకా కుదరడం లేదని తన కాగితంలో రాసుకున్నాడు. ఇందులో పొలుసు చెదరలేదు. అంటే పోయినవాడు ఇంకా నేర్చుకుంటున్నాడు. ఆ ఆలోచన వచ్చాక మాస్టారికి అన్నం సయించలేదు. మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కారు.

రెండు గంటల ప్రయాణం. ఊరి చివర చదును చేసిన నేలలో నాలుగు ట్యాంకులు లేస్తున్నాయి, ఒక్కోటి మూడంతస్తుల ఎత్తు. గేటు దగ్గర కాపలా మనిషికి సెల్లులో ఫొటో చూపించారు.

"ఈ పని చేసిందెవరు?"

"ఆ చెయ్యా? మూడో ట్యాంకులో ఉంటుంది చూడండి. మాటా పలుకూ ఉండవు. పొద్దున్నే మాస్కు దించితే సాయంత్రం దాకా ఎత్తడం నేను చూళ్ళేదు."

ట్యాంకు లోపలికి వెళ్ళడానికి మనిషి వంగి దూరేంత గుండ్రటి ద్వారం ఉంది. మాస్టారు దూరి నిలబడ్డారు. బయట పట్టపగలు, లోపల మసక. అవతలి గోడ దగ్గర నీలం వెలుగు వణుకుతోంది. ఆ వెలుగులో ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు, మోకాలి మీద మోచెయ్యి ఆనించి, తల కొద్దిగా ఎడమకు వాల్చి. నత్త అలాగే కూర్చునేవాడు. కుడిచెయ్యి కదులుతోందా లేదా అన్నట్టు కదులుతోంది. వెలుగు ఆగిపోయే ముందు మణికట్టు వెనక్కి వచ్చింది. ఎడమకు తిరిగింది.

లోపల చీకటి కమ్మింది. ఇనుము చల్లబడుతున్న టిక్కు టిక్కు శబ్దం ట్యాంకు గోడల చుట్టూ తిరిగి వచ్చింది.

మాస్టారికి తెలియకుండానే నోటి నుంచి వచ్చేసింది. "నత్తా!"

ఆ పిలుపు కూడా గోడల చుట్టూ తిరిగింది. ఆ మనిషి బిగుసుకుపోయాడు. తరవాత నెమ్మదిగా, చాలా నెమ్మదిగా ఇటు తిరిగాడు. గ్లౌజు చెయ్యి పైకి లేచి మాస్కు ఎత్తింది.

అక్క.

మాస్టారు గోడను పట్టుకున్నారు.

"మీరెప్పుడో ఒకప్పుడు వస్తారనుకున్నాను మాస్టారూ," అంది ఆవిడ. "కూర్చోండి. ఆ పక్కన ముట్టకండి, వేడిగా ఉంటుంది."

ఇద్దరూ ఒక చెక్క దిమ్మ మీద కూర్చున్నారు. ఆవిడ సీసాలో నీళ్ళు ఆయనకిచ్చింది.

"సర్టిఫికెట్టు నువ్వే తీసుకెళ్ళావా అమ్మా?"

"నేనే. ఇవ్వరేమోనని భయపడ్డాను. వాడు అంత కష్టపడి సంపాదించిన కాగితం, మీ బీరువాలో మగ్గడం ఇష్టంలేకపోయింది."

"ఆ సంతకం?"

"వాడికి అక్షరాలు దిద్దించింది నేనే కదా. నా రాతే వాడికి వచ్చింది. ఇద్దరం ఒకేలా రాస్తాం."

మాస్టారి గుండెల మీంచి పెద్ద బండ దిగినట్టయింది. అన్నిటికీ ఇలాంటి కారణం ఒకటి ఉంటుంది, అంతే. భార్య చెప్పిందే నిజం. "మరి పని ఎప్పుడు నేర్పాడు నీకు? ఇంట్లో మిషను ఉందా?"

ఆవిడ గ్లౌజుల వేళ్ళు చూసుకుంది.

"వాడు నాకేమీ నేర్పలేదు మాస్టారూ. వాడున్నప్పుడు నేను రాడ్డు ముట్టుకుని ఎరగను."

తరవాత చెప్పింది. నత్త పరీక్ష రాసిన రోజే ఈ కాంట్రాక్టరు వాడికి పని ఇస్తానని మాటిచ్చి, మాస్కూ గ్లౌజులూ ఇచ్చి పంపాడట. వాడు ఆ మూడు రోజులూ గ్లౌజులు తొడుక్కుని ఇంట్లో చెంచాతో గాలిలో అతుకులు వేసేవాడట. వాడు పోయాక వాటిని తిరిగి ఇచ్చెయ్యాలని ఆవిడ సైటుకు వచ్చింది. ఇచ్చే ముందు, వాడు ఏ పని కోసం అంత తాపత్రయపడ్డాడో ఒక్కసారి చూడాలనిపించింది. తొడుక్కుంది. కాంట్రాక్టరు నవ్వుతూ రాడ్డు బిగించిన హోల్డరు చేతికిచ్చాడు.

"అంతే మాస్టారూ. నా చెయ్యి నా చేతిలో లేదు. అది వెళ్తూంది, నేను చూస్తున్నాను. కాంట్రాక్టరు నవ్వు ఆపేశాడు. మర్నాటి నుంచి రమ్మన్నాడు. కాగితం ఎవరిదైతేనేం, పని బాగుంటే చాలన్నాడు. మొదటి రోజు భయంతో జ్వరం వచ్చింది. రెండో రోజు భయం పోయింది. ఆ తరవాత సెలవు రోజున ఇంట్లో ఉంటేనే భయం వేసేది, చెయ్యి ఖాళీగా ఉంటే."

"ఇస్త్రీ చేసిన చెయ్యమ్మా," అన్నారు మాస్టారు. తనకు తనే చెప్పుకుంటున్నట్టుంది ఆ గొంతు. "ఏళ్ళ తరబడి ఒకే వేగంతో, ఒకే బరువుతో పెట్టె తోసిన చెయ్యి. వేడి అంటే బెరుకు లేదు. అందుకే తొందరగా పట్టుబడింది."

ఆవిడ గ్లౌజులు తీసి పక్కన పెట్టింది. "మీవి ఇవ్వండి."

మాస్టారి సంచిలో ఆయన గ్లౌజులు ఎప్పుడూ ఉంటాయి. ఇచ్చారు. ఆవిడ తొడుక్కుని, పారేసిన ముక్క ఒకటి ముందుకు లాక్కుని, రాడ్డు ఆనించింది. రాడ్డు ఇనుముకు అతుక్కుపోయింది. విదిలించింది. మళ్ళీ అంటించింది. రవ్వలు చిమ్మాయి, ఇనుము ఉడికిన పిండిలా గడ్డలు కట్టింది. మొదటి రోజు క్లాసుకొచ్చిన పిల్లాడైనా అంతకంటే నయం. నటన కాదది, ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడికి చేతకాని చేతికీ చేతకానట్టు నటించే చేతికీ తేడా తెలుస్తుంది.

అప్పుడు తన గ్లౌజులు తొడుక్కుంది. అదే ముక్క మీద, ఆ గడ్డల పక్కనే, చేప పొలుసులు ఒకటొకటిగా లేచాయి. చివర మెలిక.

ఆవిడ గ్లౌజులు విప్పి ఆయన ముందు పెట్టింది. ఆయన కుడి గ్లౌజులో చెయ్యి దూర్చబోయారు. లోపల వెచ్చగా ఉంది. ఇప్పుడే కదా విప్పింది, వెచ్చగా ఉండక ఏమవుతుంది? అయినా వేళ్ళు సగం దాకా వెళ్ళాక ఇక ముందుకు పెట్టలేకపోయారు. లాక్కున్నారు.

"వద్దులెండి," అంది ఆవిడ మెల్లగా. "నాకొక్కదానికి తెలిస్తే చాలు."

మాస్టారు తన గ్లౌజులు సంచిలో పెట్టుకుంటూ అన్నారు, "ఈ కాగితంతో ఇక చెయ్యకూడదమ్మా. ఇవాళ కాకపోతే రేపు బయటపడుతుంది. అదీ కాక... నీ పేరుతో నువ్వు ఏం చేస్తున్నట్టు? వచ్చే బ్యాచిలో చేరు."

"నాకు పని రాదని ఇప్పుడే చూశారుగా."

"రానివాళ్ళకు నేర్పడానికే నన్ను అక్కడ పెట్టారు."

మాస్టారు తిరిగొచ్చాక కంపెనీ అమ్మాయికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పారు, గ్లౌజుల సంగతి తప్ప. మనిషి లేడని తనకు ముందే తెలుసనీ, మొదటిసారే చెప్పనందుకు తప్పు తనదేననీ కూడా చెప్పారు. కంపెనీవాళ్ళు కంగారుపడి ఆ ట్యాంకుల్లో ఆవిడ వేసిన అతుకులన్నీ ఎక్స్‌రే తీయించారు. కాంట్రాక్టరును ఆ పని నుంచి తప్పించారు. వారం తరవాత ఆ అమ్మాయే ఫోను చేసింది.

"ఒక్క లోపం కూడా లేదండీ. సూదిమొనంత బుడగ కూడా లేదు. మా ఇంజనీరు గారు ఇంతవరకూ ఇలాంటిది చూళ్ళేదట. నిజంగా వాళ్ళక్కేనాండీ ఆ పని చేసింది?"

మాస్టారు, "నాకూ సరిగ్గా తెలీదమ్మా," అన్నారు.

కొత్త బ్యాచిలో అందరికంటే పెద్దది ఆవిడే. మిగతావాళ్ళు అక్కా అని పిలవడం మొదలుపెట్టారు. చేరిన రోజే గ్లౌజులు కాగితంలో చుట్టి మాస్టారి చేతిలో పెట్టింది. "ఇవి మీ దగ్గరుంచండి. నా దగ్గరుంటే తొడుక్కుంటాను."

ఆయన బీరువాలో పెట్టి తాళం వేశారు.

మొదటి నెలంతా ఆవిడ అతుకులు చూసి పిల్లలు నోరు మూసుకుని నవ్వుకున్నారు. చేతులు బొబ్బలెక్కాయి. మూడో నెల పరీక్షలో పలకను వంచగానే మధ్యకు పగిలింది. ఆవిడ నేరుగా మాస్టారి గదికి వచ్చింది.

"ఒక్కసారి ఇవ్వండి మాస్టారూ. ఒక్క గంట. పాసైపోతాను."

మాస్టారు ఆవిడ మొహం చూశారు. బీరువా తాళం తీశారు. ఆయన వాటిని పెట్టినప్పుడు బోర్లా, చదునుగా పెట్టారు. ఇప్పుడు చుట్టిన కాగితం విడిపోయి ఉంది. కుడి గ్లౌజు వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి, కనబడని హోల్డరును పట్టుకున్నట్టు. వాడిన తోలు అంతే, ఆరేకొద్దీ పాత పట్టులోకే వెళ్తుంది. ఆ విషయం మాస్టారు ఎంతమందికో చెప్పారు. ఇప్పుడు తనకు తాను రెండుసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది. తలుపు మూసి మళ్ళీ తాళం వేశారు.

"వాడు పాసయ్యాడమ్మా. వాడికి మళ్ళీ పరీక్ష ఎందుకు? నువ్వు రాయి."

ఆవిడ ఏడ్చింది. తమ్ముడు పోయిన రోజు కూడా ఆయన ఆవిడ కన్నీరు చూడలేదు. ఏడ్చి, మొహం కడుక్కుని, ఆరో గదిలోకి వెళ్ళి మిషను వేసింది.

మరో మూడు నెలలకు పాసైంది. అతుకు గొప్పగా లేదు. కాస్త వెడల్పు, పొలుసులు ఎగుడుదిగుడు. చివర ఏ మెలికా లేదు, తిన్నగా వెళ్ళి ఆగిపోయింది. మాస్టారు దానికి చిల్లు పెట్టి నంబరు కొడుతూ ఎందుకో తేలికగా ఊపిరి పీల్చుకున్నారు. ఆ రోజే గ్లౌజులు తిరిగిచ్చేశారు. ఆవిడ వాటిని తమ్ముణ్ణి సాగనంపిన చోటికి తీసుకెళ్ళి మట్టిలో పెట్టి వచ్చింది. "ఇక చాలు, పడుకో అని చెప్పాను," అంది. వాడు ఒప్పుకున్నాడా అని మాస్టారు అడగబోయి మానుకున్నారు.

రెజ్యూమె రాసేటప్పుడు మళ్ళీ చిక్కొచ్చింది. అనుభవం అన్నచోట ఇస్త్రీ పని, పదకొండేళ్ళు అని రాసింది. ఆ తరవాతి ఏడాదికి ఎదురుగా ఏమీ రాయలేదు.

"ట్యాంకుల పని రాయొచ్చేమో," అన్నారు మాస్టారు. "ఎక్స్‌రే రిపోర్టే ఉంది కదా."

"అది నేను చెయ్యలేదు మాస్టారూ. వచ్చింది రాయమన్నారు, రానిది రాయొద్దన్నారు."

ఆ కాగితం పట్టుకుని ఇనుప కుర్చీలూ బల్లలూ తయారుచేసే వర్క్‌షాపుకు ఇంటర్వ్యూకు వెళ్ళింది. యజమానురాలు కళ్ళజోడు సవరించుకుంటూ ఖాళీ గడి దగ్గర ఆగింది.

"ఈ ఏడాది ఏం చేశారు?"

"మా ఇంట్లో మనిషి పోయాడండి. ఆ పనిలో ఉన్నాను."

యజమానురాలు ఇంకేమీ అడగలేదు. చెయ్యి చూపించమంది. కుర్చీ కాళ్ళు రెండు అతికించి చూసి, సోమవారం నుంచి రమ్మంది. అక్క ఇప్పటికీ అక్కడే ఉంది. తనది తొందర చెయ్యి కాదు గానీ, తను అతికిన కుర్చీ బాగుచెయ్యమని ఒక్కటీ వెనక్కి రాలేదట.

మాస్టారు ఆ తరవాత ఇంకా ఆరేళ్ళు నేర్పారు. మాటలు తగ్గలేదు, సుత్తి చెయ్యి దిగలేదు. కానీ ఒక్క అలవాటు కొత్తగా వచ్చింది. మాస్కు దించుకుని పనిచేస్తున్న వాళ్ళెవరినీ పేరు పెట్టి పిలిచేవారు కాదు. గది ముందు నిలబడి బల్ల మీద సుత్తితో రెండుసార్లు కొట్టి, ఆ మనిషి మాస్కు ఎత్తి మొహం చూపించేదాకా కాచుకునేవారు. పిల్లలు అది చూసి, ముసలాయనకు రెండో కన్ను కూడా పోయిందని నవ్వుకునేవాళ్ళు. ఆయన వినీ విననట్టు ఊరుకునేవారు.